ఒక పూట కూసున్నందుకు ఏడాది

లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకున్నాడన్న నేరం నుంచి ప్రకాశాన్ని కోర్టు విడుదల చేసింది. అదే రోజు, అదే తీర్పులో, అంతకు మూడేళ్ల కిందట ఒక పూట కోర్టు హాల్లో బెంచీ మీద కూర్చున్న పాపానికి అతనికి ఏడాది జైలు వేసింది. ఇది తప్పు. చట్టప్రకారం సరైనదేనని చాలామంది వకీళ్లు నాకు నచ్చజెప్పారు. సరైనదే కావచ్చు. అయినా తప్పే.

మొదటి నుంచి చెబుతాను. 2010లో మొదలైంది. అప్పటికి నేను వకీలు గుమాస్తాగా ముప్పై ఏళ్లు దాటించాను. గుమాస్తా అంటే ఏం చేస్తాడో బయటివాళ్లకు తెలియదు. కాగితాలు టైపు చేయించాలి, కోర్టులో దాఖలు చేయాలి, నంబరు పడేదాకా వెంటబడాలి, వాయిదాలు డైరీలో రాసుకోవాలి. అన్నిటికంటే పెద్ద పని, పార్టీలకు ధైర్యం చెప్పడం. ఎక్కడ నిలబడాలి, పేరు పిలిస్తే ఏమనాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అన్నీ మేమే చెబుతాం. వకీలుగారు చట్టం చెబుతారు, అది వాళ్లకు అర్థం కాదు. వరండాలో మేం చెప్పేదే వాళ్లకు చట్టం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఈ కథంతా దీని మీదే నడుస్తుంది.

నేను చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషు నేర్చుకున్నది తీర్పుల కాపీలు చూసి, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న అట్టలేని డిక్షనరీ చూసి. నాలుగో తరగతివాడు చట్టం గురించి రాయడమేమిటని అనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు.

శంషాబాద్, సాతంరాయి, గగన్‌పహాడ్, మైలార్‌దేవ్‌పల్లి కేసులు మా కోర్టుకే వచ్చేవి. ఎయిర్‌పోర్టు తెరిచిన రెండేళ్లలో వరండాలో నిలబడటానికి చోటు లేకుండా పోయింది. ఎకరాల లెక్కన ఉన్న భూములు గజాల్లోకి వచ్చాయి, గజాల మీద కొట్లాటలు వచ్చాయి. ప్రకాశానికి మాత్రం భూమి లేదు. సాతంరాయి మనిషి, చర్చికి తప్పకుండా వెళ్లే కుటుంబం, నలభై దాటిన వయసు. గగన్‌పహాడ్‌లో ఒక గోదాము గేటు దగ్గర వాచ్‌మన్. గేటుకు అడ్డంగా లారీ పెట్టిన డ్రైవరుతో మాటా మాటా పెరిగి, చేతిలోని లాఠీ విసిరాడు. డ్రైవరు మోచేతికి తగిలింది. ఆయుధంతో గాయపరిచాడని కేసు.

కేసు తేలేలోపు ఇద్దరూ కలిసిపోయారు. వాయిదాకు వచ్చినప్పుడల్లా ఒకే బల్ల మీద కూర్చుని చాయ్ తాగేవాళ్లు. రాజీ పడతామన్నారు. ఆ సెక్షన్‌లో రాజీ కుదరకుండా కొత్తగా చట్టం మార్చారు. మరి మిగిలిన దారి ఒకటే, ప్లీడ్ గిల్టీ. అంటే నేరం ఒప్పుకోవడం. చిన్న కేసుల్లో ఒప్పుకుంటే మేజిస్ట్రేటు జరిమానా వేసి, “టిల్ రైజింగ్ ఆఫ్ ది కోర్ట్” అంటారు. సాయంత్రం కోర్టు లేచేదాకా ముద్దాయి హాల్లోనే కూర్చోవాలి. మేజిస్ట్రేటు కుర్చీ దిగితే ఇతనూ ఇంటికి వెళ్లవచ్చు. కాగితం మీద అది జైలుశిక్షే. మా వరండా భాషలో దాని పేరు వేరు. “కూసొనుడు” అంటాం. ఫలానావాడికి ఏమైంది అంటే, కూసొనుడు అయిందంటాం.

ప్రకాశం నన్ను పక్కకు పిలిచాడు.

“ఒప్పుకుంటే జైల్ల ఏస్తరా బాపు?”

“జైలు లేదు గీలు లేదు. ఫైన్ కడ్తవు, గా బెంచీ మీద పొద్దుమీకేదాక కూసుంటవు. సారు లేశి లోపలికి పోంగనే నువ్వు ఇంటికి పో.”

“గంతేనా? గది శిక్ష గాదా?”

“శిక్షేంది ప్రకాశం, కూసొనుడే.”

ఈ మాట అన్నది నేనే. అంతకు ముందు ఎన్ని వందలమందికి చెప్పానో తెలియదు.

ఆ పూట అతను గోడవారగా కూర్చున్నాడు. డ్రైవరు కూడా తోడుగా పక్కన కూర్చున్నాడు, అతనికి అవసరం లేకపోయినా. మధ్యాహ్నం ప్రకాశం భార్య సుందరమ్మ డబ్బాలో అన్నం తెచ్చింది. ఆమె మైలార్‌దేవ్‌పల్లిలో జాకెట్లు కుట్టేది. వరండాలో నన్ను చూసి నవ్వింది.

“పొద్దుమీకేదాక కూసుంటె శిక్షనా బాపు? నేను రోజు మిషన్ ముందట కూసుంట. నాకేం కేసు పెట్టిన్రు?”

అందరం నవ్వాం. సాయంత్రం ప్రకాశం బయటికి వస్తూ, “ఫ్యాన్లు మంచిగున్నయి బాపు, జర కునుకు గూడ తీసిన,” అన్నాడు. ఇంతే అతని పాత నేరం, పాత శిక్ష. అతన్ని ఏ జైలు గేటూ చూడలేదు.

గోదాము ఉద్యోగం పోయింది. 2011లో సాతంరాయి అవతల ఒక జామతోటలో కాపలాకు కుదిరాడు. యజమాని పట్నంలో ఉండేవాడు. ఆదివారాలు కారులో వచ్చి పోయేవాడు. ఆయనకు ఒంటిగొట్టం తుపాకీ ఉంది, దానికి లైసెన్సు ఉంది. అడవిపందులు వచ్చి తోట పాడుచేస్తున్నాయని ఆ తుపాకీని ప్రకాశం గదిలో పెట్టించాడు. “పందులొస్తే గాల్లో ఒకటి పేల్చు, నేను చూసుకుంటా,” అన్నాడట. అన్నాడని ప్రకాశం చెప్పాడు. యజమాని అనలేదన్నాడు. సాక్షులు జామచెట్లే.

2012లో ఒక పెద్దమనిషి విమానం దిగుతున్నాడని ఎయిర్‌పోర్టు చుట్టూ ఊళ్లలో పొద్దున్నే తనిఖీలు జరిగాయి. పోలీసులు తోటలోకి వచ్చారు. ఏమైనా ఉన్నాయా అని అడిగితే ప్రకాశమే మంచం కింద నుంచి తుపాకీ తీసి చూపించాడు. దాచలేదు. కాగితాలు ఏవిరా అంటే, సారు తాన ఉన్నయి అన్నాడు. పంచనామా రాశారు. అంటే దొరికిన వస్తువు ఎక్కడ, ఎవరి దగ్గర దొరికిందో సాక్షుల ముందు రాసే కాగితం. కానిస్టేబుల్ చదివి వినిపించాడు: “సదరు తుపాకీ సదరు ప్రకాశం కబ్జాలో ఉండగా...”

ప్రకాశానికి కోపం వచ్చిందట. “కబ్జా ఏంది సార్? నాకు గుంట జాగ లేదు. కబ్జాలు చేసెటోల్లు కార్లల్ల తిరుగుతున్నరు, ఆల్లను వట్టున్రి!”

మా ప్రాంతంలో కబ్జా అంటే ఒకటే అర్థం, ఒకరి భూమి ఇంకొకరు మింగడం. కోర్టు కాగితంలో అది వట్టి “స్వాధీనం”. కానిస్టేబుల్ నవ్వుకుంటూనే ఎక్కించుకుపోయాడని సుందరమ్మ చెప్పింది. ఆరోజు ఆమె నవ్వలేదు.

బెయిలు తేవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. చార్జిషీటు కాపీ చేతికి వచ్చాక కూర్చుని చదివాను. ఆయుధాల చట్టం కింద రెండు నేరాలు పెట్టారు. ఒకటి, లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం. రెండోది చదివి నాకు అర్థం కాలేదు. మళ్లీ చదివాను. హింసకు సంబంధించిన నేరంలో ఏ కాలానికైనా జైలుశిక్ష పడ్డవాడు, ఆ శిక్ష ముగిసిన ఐదేళ్లదాకా తుపాకీ ముట్టకూడదు. ముడితే అది వేరే నేరం. “ఏ కాలానికైనా.” పదేళ్లయినా ఒకటే, పది నిమిషాలైనా ఒకటే. 2010 నాటి కూసొనుడును అక్కడ అతికించారు.

వకీలుగారి ముందు ఆ కాగితం పెట్టి, “సార్, ఇది నిజమేనా?” అని అడిగాను.

ఆయన కళ్లజోడు సరిచేసుకుని, “నిజమే. టెక్నికల్‌గా కన్విక్టే,” అన్నారు.

“మరి ఆ రోజు మనం చెప్పలేదు గద సార్?”

“ఆ రోజు తుపాకీ ఎక్కడుందయ్యా?” అన్నారు.

కాగితం మడిచి ఫైల్లో పెట్టేశాను.

అదే నెలల్లో అదే కోర్టులో ఇంకొక తుపాకీ కేసు నడుస్తోంది. ఆ ముద్దాయి పేరు వద్దు. అప్పటికే ఒకరిని కత్తితో పొడిచి మూడేళ్లు జైల్లో ఉండి 2005లో బయటికి వచ్చినవాడు. ఈసారి నడుముకు నాటు పిస్తోలుతో దొరికాడు. ఇద్దరి వాయిదాలూ తరచూ ఒకే రోజు పడేవి. ఇద్దరినీ పక్కపక్కనే నిలబెట్టి పిలిచేవారు. ప్రకాశం అతనికి దూరంగా జరిగి నిలబడేవాడు, అంటుకుంటే ఏమవుతుందో అన్నట్టు.

2013లో ఇద్దరికీ ఒకే వారంలో తీర్పులు వచ్చాయి. లైసెన్సు లేని తుపాకీ కేసు పెట్టాలంటే పైఅధికారి అనుమతి ముందుగా తీసుకోవాలి. దాన్ని శాంక్షన్ అంటారు. రెండు కేసుల్లోనూ ఆ కాగితం సరిగా రుజువు కాలేదు. సంతకం పెట్టిన అధికారి సాక్ష్యానికి రాలేదు. పిస్తోలువాడు మొదట విడుదలయ్యాడు. అతని పాత శిక్ష ముగిసి ఐదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి గనుక రెండో నేరం అతనికి వర్తించదు. మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

“నేను ఒప్పుకోలే బాపు. కొట్లాడిన, మూడేండ్లు ఉన్న, ఎల్లిన. ఒప్పుకున్నోనికే కష్టం.”

ఆ చెయ్యి తీసేశాను. మాట మాత్రం పోలేదు.

మూడు రోజుల తర్వాత ప్రకాశం తీర్పు. మొదటి నేరం శాంక్షన్ లేక కొట్టేశారు. సుందరమ్మ హాలు చివర నిలబడి శిలువ గుర్తు వేసుకుంది. వెంటనే రెండో నేరం చదివారు. దానికి శాంక్షన్ అవసరం లేదని చట్టంలో ఉంది. పాత కేసు రికార్డు నంబరు వేసి ముందే దాఖలైంది. నేరం రుజువైందన్నారు. కనీసశిక్ష ఏడాది. అయితే తగిన ప్రత్యేక కారణాలు ఉంటే, అవి తీర్పులో రాసి, మేజిస్ట్రేటు తగ్గించవచ్చు. నేను పెట్టుకున్న ఆశంతా ఆ ఒక్క వాక్యం మీదే. శిక్ష చెప్పేముందు ముద్దాయిని అడుగుతారు, అప్పుడు పాత శిక్ష ఒక్క పూటదేనన్న విషయం బయటపడుతుందనుకున్నాను. వకీలుగారు ఆ గంటకు పక్క కోర్టులో వాదిస్తున్నారు. జూనియరు ఉన్నాడు, ఫైలు తిరగేస్తూ.

మేజిస్ట్రేటు మేడం అప్పటికి వచ్చి ఏడాది కూడా కాలేదు. కోస్తా నుంచి వచ్చారు. చెడ్డమనిషి కాదు. ముద్దాయిలను కూడా మీరు అనే పిలిచేవారు.

“శిక్ష విషయంలో మీరేమైనా చెప్పుకుంటారా? ఇంతకు ముందు మీకు ఒక కేసులో శిక్ష పడింది కదా?”

ప్రకాశం చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు, నేను నేర్పినట్టే.

“లేదు మేడం. నాకెన్నడు శిక్ష పడలే.”

“రికార్డు ఉంది. మీరు ఒప్పుకున్నట్టు సంతకం ఉంది.”

“సంతకం నాదే మేడం. గని శిక్ష గాదు, కూసున్న.”

“కూర్చోవడమేమిటి?”

“గా బెంచీ మీద కూసున్న మేడం. గప్పుడు మీరు లేకుండె, సారు ఉండె. సారు లేశిండు, నేను ఇంటికి పోయిన. గంతే.”

హాలంతా నవ్వు. వకీళ్లు నవ్వారు, కానిస్టేబుళ్లు నవ్వారు. వాళ్లకు కూసొనుడు అంటే తెలుసు, అతను ఎంత నిజం చెబుతున్నాడో తెలుసు, అందుకే నవ్వారు. మేడానికి తెలియదు. ఆమెకు వినిపించింది, కోర్టు రికార్డు కళ్లముందు ఉండగా కాదంటూ హాలును నవ్విస్తున్న మనిషి. ఆమె ముఖం మారిపోయింది. జూనియరు లేచి “మేడం” అన్నాడు, మళ్లీ ఫైలు తిరగేయడం మొదలుపెట్టాడు.

నేను వెనక వరసలో ఉన్నాను. లేచాను. గుమాస్తా కోర్టులో మాట్లాడకూడదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నోరు తెరిచాను. కోర్టు అటెండరు నా వైపు చూసి, చేతితో కిందికి సైగ చేశాడు. కూర్చో అని.

కూర్చున్నాను.

తీర్పులో ఆ మాటలు కూడా వచ్చాయి. ముద్దాయి తన పాత శిక్షను కోర్టు ముందే నిరాకరించాడు, పశ్చాత్తాపం కనిపించలేదు, శిక్ష తగ్గించడానికి ప్రత్యేక కారణాలేవీ లేవు. కాపీ తెచ్చి టైపు మిషన్ పక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో. ఒక్క అబద్ధం లేదు దానిలో. ఒక్క నిజమూ లేదు.

అప్పీలు వేయవచ్చు. వేస్తే అప్పటిదాకా శిక్ష ఆపించి బయటే ఉంచవచ్చు. వకీలుగారు సిద్ధంగా ఉన్నారు. నేను వకాలత్ కాగితం పట్టుకుని కోర్టు వెనక గదికి వెళ్లాను, సంతకం పెట్టించడానికి. ప్రకాశం కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు.

“ఇది ఏం కాగితం బాపు?”

“అప్పీలు. మీద కోర్టుకు పోతం. నువ్వు ఇంటికి పోవచ్చు.”

“గప్పుడు గూడ ఇంటికి పోవచ్చు అన్నవు.”

“గది వేరే, ఇది వేరే ప్రకాశం.”

“ఏం వేరే? గా సంతకం మూడేండ్లకు గిట్లైంది. ఈ సంతకం ఎన్నేండ్లకు ఏమైతదో నీకు తెలుసా? నాకు తెల్వది. నీకు గూడ తెల్వదు. నేనిగ ఏ కాగితం మీద వెట్ట. గప్పుడు పూట కూసున్న, గిప్పుడు ఏడాది కూసుంట. అయిపోతది.”

బతిమాలాను. సుందరమ్మ చేత చెప్పించాను. ఆమె లోపలికి వెళ్లి వచ్చి, కాగితం మడిచి నా జేబులో పెట్టింది.

“ఆయిన సంతకం వెట్టనంటుండు. నేను గూడ వెట్టుమని చెప్ప. మీరు మంచోల్లే బాపు. గని మీకు తెలిసింది మాకు చెప్పరు, మాకు చెప్పింది మీకు తెల్వదు.”

తుపాకీ సంగతి చెప్పలేదు కదూ. దానికి లైసెన్సు ఉన్న మనిషి ఉన్నాడు గనుక, దరఖాస్తు పెట్టుకుని తీసుకుపోయాడు. సాక్ష్యం చెప్పినప్పుడు ఆయనకు కుర్చీ వేశారు. తుపాకీ పట్నానికి పోయింది, కాపలామనిషి జైలుకు పోయాడు. పందులు తోటలోనే ఉన్నాయి.

ఎవరిది తప్పు? ఏళ్ల తరబడి దీని మీదే తల బద్దలుకొట్టుకున్నాను. మేడానిదా అంటే ఆమె కాగితం చూసి తీర్పు చెప్పారు. చట్టానిదా అంటే, కొట్లాటల్లో దొరికినవాడి చేతిలో తుపాకీ ఉండకూడదన్న మాట సబబే, నేనే రాసినా అలాగే రాస్తాను. యజమాని అబద్ధమాడాడు, కానీ ఆయన నిజం చెప్పినా రెండో నేరం అలాగే ఉండేది. అక్కడికి వచ్చేసరికి నా దగ్గర ఆగుతుంది. ఒక శిక్షకు ముద్దుపేరు పెట్టి, ఆ పేరే నిజమని ఒక మనిషికి నమ్మకంగా చెప్పినవాణ్ని నేనే. కానీ నేను కూడా నా ముందు గుమాస్తాల దగ్గర అలాగే విన్నాను. ఆ వరండాలో ఆ మాట పుట్టించింది ఎవరో నాకు తెలియదు. పొద్దున ఒకలా అనిపిస్తుంది, సాయంత్రం ఒకలా.

పని విషయంలో నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్లు ఎవరికీ కూసొనుడు అని చెప్పలేదు. “ఇది జైలుశిక్ష. ఒక పూట జైలు. రేపు ఎవరడిగినా, నాకు శిక్ష పడింది అని చెప్పు. ఐదేండ్లు తుపాకీ ఉన్న ఇంట్ల పనికి గూడ కుదరకు,” అని చెప్పి, నా ముందు ఒకసారి అనిపించేవాణ్ని. కొందరు భయపడి ఒప్పుకోకుండా వెనక్కి పోయారు. వాళ్ల కేసులు ఏళ్లు సాగాయి. వాళ్లకు మేలు చేశానో కీడు చేశానో అదీ తెలియదు. తోటి గుమాస్తాలు, “ముసలాయనకు చాదస్తం ఎక్కింది,” అన్నారు.

నేను ఒక్కణ్ని చెబితే ఏం లాభమని, ప్రకాశం లోపల ఉండగానే సమాచార హక్కు చట్టం కింద ఒక ప్రశ్న రాసి పంపాను. కోర్టు లేచేదాకా శిక్ష పడ్డవాడికి, ఐదేళ్లు ఆయుధం ముట్టకూడదన్న సంగతి ఎవరు చెప్పాలి? చెప్పినట్టు ఎక్కడ రాసుకోవాలి? ఒక ఆఫీసు నుంచి ఇది మాకు సంబంధించింది కాదని వచ్చింది. రెండో ఆఫీసు మూడోదానికి పంపింది. ఈలోగా రాష్ట్రం రెండయింది, ఫైళ్లు పంచుకుంటున్నామని ఒక కార్డు వచ్చింది. ప్రకాశం ఏడాది పూర్తిచేసి బయటికి వచ్చాడు. సుందరమ్మతో పాటు మిషన్ దగ్గర కాజాలు కుడుతున్నాడని విన్నాను. నేను మళ్లీ రాశాను, మళ్లీ రాశాను. 2014 చివర్లో గుండ్రటి ముద్రతో, రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“తమరు కోరినది సమాచారము కాక సందేహము అయినందున, సదరు చట్టము క్రింద జవాబు ఇచ్చుటకు వీలుపడదు. ఇటువంటి సందేహములకు తమకు అందుబాటులో ఉన్న న్యాయవాదిని గాని, వారి గుమాస్తాను గాని అడిగి తెలుసుకొనగలరు.”